రాతిచేప హాజరు

మా క్వార్టర్సు వరండాలో నిలబడితే సముద్రం కనబడుతుంది. గాలివాటం బాగుంటే వినబడుతుంది కూడా. అందువల్ల ఇంట్లో సముద్రం లేదన్న లోటు మాకెవరికీ తెలియలేదు. మా మండలికి తెలిసింది.

మాది సముద్ర సంపద ప్రోత్సాహక మండలి. సముద్రాన్ని ప్రోత్సహించడం మా పని. నేను అందులో తపాలా సెక్షనులో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఎనిమిదేళ్ళుగా వచ్చిన కాగితానికి ఒక నెంబరు, పోయే కాగితానికి ఇంకో నెంబరు వేస్తున్నాను. దీనివల్ల సముద్రం ఎంత ప్రోత్సాహం పొందిందో చెప్పలేను. తగ్గలేదని మాత్రం చెప్పగలను.

ఆషాఢమాసంలో 'ఇంటింటా సముద్రం' అనే పథకం వచ్చింది. మా పై అధికారులు ఏదో దేశం వెళ్ళి, అక్కడ ఎవరింట్లోనో ఉప్పునీటి అక్వేరియం ముందు అరగంట కూర్చుని, మనశ్శాంతి పొంది వచ్చారట. ఆ శాంతిని కింది స్థాయి దాకా విస్తరింపజేయాలని సర్క్యులర్ వేశారు.

"మండలి ఉద్యోగులందరును తమ నివాసములయందు ఉప్పునీటి తొట్టెను, అందు ఒక సముద్రపు చేపను విధిగా కలిగియుండి, తద్వారా మనశ్శాంతిని పొంది, సదరు విషయమును పదిహేను దినములలో ఈ కార్యాలయమునకు తెలియపరచవలెను. మనశ్శాంతి పొందనివారిపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును."

చేపలను హోదా ప్రకారం కేటాయించారు. డైరెక్టరుగారికి నీలం మీద పసుపు చారలది వెళ్ళింది. డిప్యూటీ డైరెక్టరు పట్నాయక్ గారికి నారింజ రంగుది. అలా రంగులు పైనుంచి అయిపోతూ వచ్చి, తపాలా సెక్షనుకు చేరేసరికి రంగన్నది మిగల్లేదు. నా కేటాయింపు పత్రంలో ఇలా ఉంది: రకం, రాతిచేప. స్వభావం, సిగ్గు. ఆహారం, ఇతర ప్రాణులు.

ఆ పత్రం పట్టుకుని పట్నాయక్ గారి గదికి వెళ్ళాను.

"అయ్యా, మాది నిత్యపూజ ఉన్న ఇల్లు. ఏకాదశినాడు ఉల్లిపాయ కూడా గుమ్మం దాటి రాదు."

"ప్రసాదం గారూ, ఇతర ప్రాణుల్ని చేప తింటుంది. మీరు తినాలని సర్క్యులర్లో ఎక్కడైనా ఉందా?"

"లేదండి. కాని తినిపించాలి కదండీ."

"అది విధి నిర్వహణ. విధి నిర్వహణలో పాపం ఉండదు. ఉంటే మనమెవ్వరం ఇక్కడ ఉండం" అన్నారాయన.

నాకు శాస్త్రం అంతగా తెలియదు. తలూపి వచ్చేశాను.

మంగళవారం తొట్టె వచ్చింది. బుధవారం ట్యాంకరులో సముద్రపు నీళ్ళు వచ్చాయి. గురువారం రాళ్ళు, నీళ్ళు తిప్పే మోటారు, చివరికి ప్లాస్టిక్ సంచిలో చేప వచ్చాయి. జానెడు పొడవు, గోధుమరంగు ఒంటి మీద నల్ల మచ్చలు, పెద్ద నోరు. కింది దవడ ముందుకు తోసుకొచ్చి, సంతకం పెట్టనని భీష్మించుకున్న అధికారిలా ఉంది. నీళ్ళలో వదలగానే ఒక్క విసురులో రాళ్ళ సందులోకి దూరింది. అంతే, మళ్ళీ కనబడలేదు.

"ఏమండీ, ఇంత పెద్ద తొట్టె తెచ్చింది రాళ్ళు చూసుకోవడానికా?" అంది మా ఆవిడ రాజ్యం.

రొయ్యలు ముట్టుకోవడం మాకు రాదు గనక రేవు నుంచి నూకమ్మను కుదుర్చుకున్నాం. పొద్దున్నే పెరటి దారిన వచ్చి, నాలుగు రొయ్యలు తొట్టెలో వేసి, చేతులు కడుక్కుని పోయేది. మొదటిరోజే చేపను వెతికి వెతికి, రాళ్ళ సందులో ఒక కన్ను చూసి పకపకా నవ్వింది.

"ఇదా అమ్మగారూ! ఇది బలే సిగ్గుమాలోకం. వలేసినా రాదు, గేలమేసినా రాదు. కానీ దానెదరగా సిన్న సేప ఎల్లిందనుకో, మరి దానికి సిగ్గునేదు, సెరమూనేదు."

"మరి మాకు కనబడేదెలాగే?"

"మీరు సూస్తన్నంతసేపూ రాదు. సూడకండి, వస్తాది."

ఆ మాట నిజమే అయింది. తొట్టె పెట్టింది పూజగదికి ఎదురుగా, గోడకి మనిషి పట్టేంత ఎడంగా. సాయంత్రం దీపం పెట్టాక రాజ్యం కళ్ళు మూసుకుని సహస్రనామం చదువుకుంటుంది. పన్నెండో రోజున నేను వంటింటి గుమ్మంలోంచి తొంగిచూస్తే, చేప రాళ్ళలోంచి పూర్తిగా బయటికి వచ్చి, అద్దానికి ముక్కు ఆనించి, ఆవిడనే చూస్తోంది. నేను ఒక్క అడుగు వేశానో లేదో, మాయం.

సంగతి చెబితే ఆవిడ దీపంలో వత్తి ఎగదోసింది. తర్వాత, "నేను దాన్ని చూడకపోతే అది నన్ను చూస్తోందన్నమాట" అంది. మాకు పిల్లలు లేరు. ఆ రోజునుంచి రాజ్యం రొయ్యలు వేసే వేళకు నూకమ్మ పక్కన నిలబడడం మొదలుపెట్టింది. "దొరా, తిన్నావా?" అని అడగడం కూడా విన్నాను.

సర్క్యులరులో చెప్పిన శాంతి ఇదే అయి ఉండాలి. పదిహేను రోజుల్లోగా సదరు విషయం తెలియపరిచాను.

శ్రావణంలో రెండో సర్క్యులర్ వచ్చింది. కొందరు ఉద్యోగులు చేప లేకుండానే మనశ్శాంతి పొందుతున్నట్టు ఫిర్యాదులు అందాయి గనక, ఇకనుంచి చేపలన్నీ ప్రతిరోజూ ఉదయం పదిగంటల లోపు ముఖ గుర్తింపు యాప్‌లో హాజరు వేయాలి. ముప్పై రోజులు వరుసగా గైరుహాజరైన చేపను "సేవల నుండి తొలగించి, మండలి అతిథిగృహపు వంటశాలకు అప్పగించబడును".

ఆ ఆఖరి వాక్యం రాజ్యానికి చదివి వినిపించకుండా ఉండాల్సింది. వినిపించాను.

మొదటి పదిరోజులూ ఫోను పట్టుకుని తొట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. చూస్తున్నంతసేపూ రాదని తెలుసు. చూడకుండా ఫొటో తీయడం నాకు రాదు. కళ్ళు మూసుకుని తీస్తే మా గోడ గడియారం హాజరు వేయించుకుంది, కాని అది మండలి చేప కాదని యాప్ తిరస్కరించింది.

పదకొండో రోజున చేపకు మెమో వచ్చింది. 'పై సూచికలో ఉదహరించిన ఉత్తర్వులను ధిక్కరించి అనధికారికముగా గైరుహాజరగుటకు గల కారణములను మూడు దినములలో తెలుపవలెను.' చేప మెమో తీసుకోలేదు. తీసుకోకపోతే ఇద్దరు సాక్షుల సమక్షంలో నివాసానికి అతికించాలని నియమం. పట్నాయక్ గారే స్వయంగా వచ్చి అద్దానికి అతికించారు. అక్షరాలు లోపలివైపుకు. రెండో సాక్షిగా నూకమ్మ వేలిముద్ర తీసుకున్నారు.

"నానేటని సాచ్చికం సెప్పాలి బాబూ? సేప సదూకుందనా?"

"అందినట్టు చెప్పు, చాలు" అన్నారాయన.

మూడు రోజులూ గడిచాయి. చేపనుంచి సంజాయిషీ రాలేదు. అయితే మండలి కఠినమైనదేమీ కాదు. బిడియం గల చేపల్లో వృత్తిపరమైన చొరవ పెంపొందించే నిమిత్తం ఒక ఆదర్శ చేపను మా ఇంటికి డెప్యుటేషను మీద పంపారు. నారింజరంగు మీద తెల్లపట్టీలు. నూటికి నూరుశాతం హాజరు. సాక్షాత్తూ పట్నాయక్ గారి సొంత చేప. 

చిన్నచేపల గురించి నూకమ్మ చెప్పిన మాట నేను ఆయనకు చెప్పాను.

"మీ రాతిచేపకు మంచి సావాసం కావాలండీ. చూస్తూ నేర్చుకుంటుంది" అన్నారు.

చూసింది. రాళ్ళలోంచి బయటికి రావడం ఆయన కళ్ళారా చూశారు కూడా. అయితే అది ఎంత వేగంగా జరిగిందంటే, ఆయన ఫోను జేబులోంచి తీసేసరికి తొట్టెలో మళ్ళీ రాళ్ళు మాత్రమే ఉన్నాయి. ఆయన ఫోను మళ్ళీ జేబులో పెట్టుకుని, ఆదర్శ చేప విధి నిర్వహణలో ఉన్నట్టుగా పరిగణించబడునని రాసి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి అన్నం ముందు నాకొక సందేహం వచ్చింది. ఆ చిన్నచేప పాపం ఎవరిది? తిన్నదానికి అది ఆహారం. పంపినవారికి అది ఉత్తర్వు. సంచి విప్పి నీళ్ళలో వదిలింది నేను. పట్నాయక్ గారి సూత్రం ప్రకారం మా ముగ్గురికీ పాపం లేదు. అయినా చేప లేకుండా పోయింది. దేవుడి దగ్గర ఇటువంటివాటికి ఏ సెక్షను ఉంటుందో తెలియలేదు.

ఇరవై ఎనిమిది రోజులు నిండాయి. రాజ్యం అన్నం మానేసింది. "మనింట్లో ఉప్పు తిన్న ప్రాణి అండీ" అంది. ఉప్పునీటి చేప గనక ఆ మాట కాదనలేకపోయాను.

ఇరవైతొమ్మిదో రోజున యాప్ తయారుచేసిన విభాగం నుంచి మృదుల అనే అమ్మాయిని నేనే బతిమాలి తీసుకొచ్చాను. మంచి పిల్ల. చెప్పిందంతా శ్రద్ధగా విని, ఫోనును తొట్టెకు ఎదురుగా పీట మీద నిలబెట్టి, తను గోడచాటున కూర్చుంది. రాజ్యం కళ్ళు మూసుకుని సహస్రనామం మొదలుపెట్టింది. నేను దేవుడికి ఎదురుగా, తొట్టెకు వీపుపెట్టి నిలబడ్డాను.

కొంతసేపటికి ఫోను మాట్లాడింది. "ముఖం గుర్తించబడింది. రాతిచేప, క్వార్టరు నెంబరు పదహారు."

రాజ్యం సహస్రనామం ఆపలేదు.

"దయచేసి రెప్ప వేయండి" అంది ఫోను.

ఎవ్వరం కదల్లేదు.

"దయచేసి రెప్ప వేయండి... దయచేసి రెప్ప వేయండి... ఇది ఫొటో. ఇందులో ప్రాణం లేదు. హాజరు తిరస్కరించబడింది."

నేను తిరిగి చూశాను. చేప అద్దం దగ్గర నిలబడి, మొప్పలు ఆడిస్తూ, నిండు ప్రాణంతో ఉంది. నన్ను చూసి వెళ్ళిపోయింది.

"అంకుల్, కొత్త వెర్షన్‌లో రెప్ప తప్పనిసరి" అంది మృదుల. "కొంతమంది చేప ఫొటో చూపించి హాజరు వేస్తున్నారని పెట్టాం."

"చేపకు రెప్పలుండవు కదమ్మా."

ఆ పిల్ల తన ఫోనులో ఏదో వెతికి చూసింది. "మాకిచ్చిన రిక్వైర్‌మెంట్‌లో ఆ విషయం రాయలేదంకుల్" అంది.

రాజ్యం కళ్ళు తెరిచింది. "రెప్ప వేయకుండా పిల్లల్ని కాచుకుంటుందనే కదే అమ్మవారిని మీనాక్షి అన్నారు? దేవతలెవ్వరూ రెప్ప వేయరు. అయితే వాళ్ళందరూ గైరుహాజరేనా?"

"వాళ్ళు మా డేటాబేసులో లేరు ఆంటీ" అంది మృదుల, చాలా విచారంగా.

మర్నాడు ముప్పయ్యో రోజు. పొద్దున్నే పక్క క్వార్టరు కోదండం దగ్గరికి పరిగెత్తాను. అతనూ మా సెక్షనే. అతని చేప రోజూ హాజరవుతోంది, ఎలాగో అడుగుదామని. వెళ్ళేసరికి అతని అత్తగారు అన్నపూర్ణమ్మగారు తొట్టె వెనకాల స్టూలు మీద కూర్చుని, అద్దానికి ముఖం ఆనించి రెప్పలు టపటపలాడిస్తున్నారు.

"ధన్యవాదాలు, చారల చేప. మీ హాజరు నమోదైంది" అంది ఫోను.

"ఈ వయసులో చేపనవుతాననుకోలేదు నాయనా" అన్నారావిడ నాతో, ముఖం తుడుచుకుంటూ. "నిన్న పేరంటానికి పిలిచారు. పదింటిదాకా కుదరదని చెప్పించాను."

కోదండం నన్ను పక్కకు లాగాడు. "క్వార్టర్సంతా ఇదే బావగారూ. ముఖం మళ్ళీ నమోదు చేసుకోమని ఒక మీట ఉంటుంది. అది నొక్కి ఎవరో ఒకరు రెప్ప వేస్తే సరి. ఆ చివరింట్లో వాళ్ళ వంటావిడ చేప. మీరు అక్కయ్యగారిని నిలబెట్టండి."

ఇంటికొచ్చి ఆ మీట వెతికాను. తొమ్మిది నలభై అయింది. వీధి గుమ్మంలో అతిథిగృహం నుంచి వంటమనిషి బకెట్టుతో వచ్చి కూర్చున్నాడు. ఉత్తర్వు కాపీ చూపించి, "పులుసుకైతే ఒక్కటి చాలదండి, వేపుడు చేస్తామండి" అన్నాడు.

రాజ్యం తొట్టె వెనక్కి వెళ్ళబోయింది. నేను ఆపాను. నా జన్మలో దొంగ సంతకం పెట్టలేదు. ఆలస్యంగా వెళ్ళిన రోజున రిజిస్టరులో ఆలస్యంగానే రాశాను. ఇప్పుడు చేపనని చెప్పాలి. చెప్పకపోతే ఒక ప్రాణి వేపుడవుతుంది. అబద్ధమాడక తప్పనప్పుడు నేనే ఆడాలి గాని, దీపం ముందు కూర్చునే మనిషి చేత ఆడించకూడదనిపించింది. మనసులో స్వామికి దణ్ణం పెట్టుకుని, మీట నొక్కి ఫోనును పీట మీద నిలబెట్టి, తొట్టె వెనక మోకాళ్ళ మీద కూర్చుని, అద్దానికి ముఖం ఆనించాను.

రెప్ప వేశాను.

"ధన్యవాదాలు, రాతిచేప. మీ హాజరు నమోదైంది."

వంటమనిషి బకెట్టు బోర్లించి, దాని మీద తాళం వేసుకుంటూ వెళ్ళిపోయాడు. రాజ్యం మూడు రోజుల్లో మొదటిసారి కడుపునిండా అన్నం తింది.

నేను ఆఫీసుకు వెళ్ళాను. గుమ్మం దగ్గర యంత్రానికి ముఖం చూపించాను. "మీరు ఇప్పటికే క్వార్టరు నెంబరు పదహారు, తొట్టెలో హాజరై ఉన్నారు" అంది అది. తలుపు తెరుచుకోలేదు.

అన్నపూర్ణమ్మగారు మండలి ఉద్యోగి కారు గనక ఆవిడకు ఈ చిక్కు రాలేదు. నాకు వచ్చింది. ఒకే ముఖం, ఒకే గుర్తింపు అన్నది మండలి నియమం.

మర్నాడు పట్నాయక్ గారి గదిలో విచారణ జరిగింది. ఆయన మంచివారే. తలుపు వేయించి, టీ తెప్పించి, గొంతు తగ్గించారు.

"ప్రసాదం గారూ, ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది మీకు. ఒక్క కాగితం రాసివ్వండి. 'నేను చేపను కాను' అని. అంతే. పొరపాటున నమోదైందని ఫైలు మూసేస్తాను. ఇంక్రిమెంటు ఒకటి ఆగుతుంది."

"మరి చేప అండి?"

"మీరు చేప కాకపోతే ఆ చేప ముప్పైరోజులూ గైరుహాజరైనట్టే కదా. మధ్యాహ్నం బకెట్టు పంపిస్తాను."

"అది బతికే ఉందండి. మీరూ చూశారు."

"చూశాను" అన్నారాయన, తన నారింజచేపను తలుచుకుని. "చూసినదాన్ని బట్టి ఫైలు నడవదు కదండీ. యాప్‌లో ఏముందో అదే. త్వరగా చెప్పండి. మీరు చేపా, కాదా?"

కాగితం, కలం నా ముందుకు జరిపారు. నిన్న పొద్దున్న అబద్ధమని తెలిసి, తొందరలో ఆడాను. ఈసారి టీ తాగుతూ, తీరిగ్గా, కుర్చీలో కూర్చుని ఆడాలి. కాదంటే అది నిజమే, ఆ నిజం మధ్యాహ్నానికి నూనెలో ఉంటుంది. ధర్మం ఎటువైపుందో చెప్పేవాళ్ళు ఆ గదిలో లేరు. టీ పూర్తిచేశాను.

"చేపనేనండి" అన్నాను. అదే కాగితం మీద రాసిచ్చాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వారం రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. "సదరు వ్యక్తి తాను చేపనని లిఖితపూర్వకముగా అంగీకరించినందున, చేపలు సీనియర్ అసిస్టెంటు పదవికి అర్హులు కానందున, ఆయనను తపాలా సెక్షను నుండి విడుదల చేసి, ఇంటింటా సముద్రం పథకము క్రింద కొనసాగించడమైనది. జీతభత్యముల స్థానే దినమునకు పావుకిలో రొయ్యలు మంజూరు చేయడమైనది. క్వార్టరు యథాతథము."

నేనన్నది అబద్ధం. వాళ్ళు రాసింది ఉత్తర్వు. రెండింటికీ తేడా ఏమిటో ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

"బాబుగారూ, తవరి జీతమండి" అంటూ నూకమ్మ రోజూ రొయ్యల సంచి అందిస్తుంది. నా జీతం దొర తింటుంది. మా తిండికి నేను మండలి గేటు ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్లో కూర్చుని అర్జీలు రాసిపెడుతున్నాను. గిరాకీ బాగానే ఉంది. ఎక్కువగా చేపలైపోయిన అత్తగార్లను ఊరెళ్ళడానికి సెలవు మీద వదలమని. 

పోయిన నెల డైరెక్టరుగారు స్వయంగా తనిఖీకి వచ్చారు. రోజూ నేనే రెప్ప వేస్తున్నందున, ఆ నెలలో నూరుశాతం హాజరున్న ఏకైక రాతిచేపను చూడాలని. పట్నాయక్ గారు నన్ను చూపించారు. డైరెక్టరుగారు శాలువా కప్పి, చేతిలోని పత్రం చదివారు.

"స్వభావం సిగ్గు, ఆహారం ఇతర ప్రాణులు అని ఉంది. చూస్తే అలా లేరే?"

"శిక్షణతో మార్పు వచ్చింది సార్" అన్నారు పట్నాయక్ గారు.

డైరెక్టరుగారు తొట్టెకేసి చూశారు. దొర రాళ్ళలో ఉన్నాడు. ఆయనకు నీళ్ళు, రాళ్ళు కనబడ్డాయి. ముఖం గంభీరంగా పెట్టారు.

"పట్నాయక్! తొట్టె ఖాళీగా ఉంది, చేప బయట నిలబడి ఉంది. ఏమిటిది?"

పట్నాయక్ గారు నాకేసి చూశారు. నేను రాజ్యంకేసి చూశాను.

"తొట్టె చిన్నదండి, నేను పట్టను" అన్నాను.

"అదేదో ముందే రాయాలి కదా!" అని కోప్పడి, డైరెక్టరుగారు అక్కడికక్కడే టేపు తెప్పించి నన్ను గోడకు నిలబెట్టి కొలిపించారు. అయిదడుగుల నాలుగంగుళాలు. తోక కోసం కొంత కలిపి, ఏడడుగుల తొట్టె మంజూరు చేశారు.

బుధవారం అది వచ్చింది. హాలు సగం అదే. నూకమ్మ సముద్రంలో ఉండే వరసలోనే రాళ్ళు పేర్చింది. దొరను అందులోకి మార్చింది. మార్చిన సాయంత్రమే రాజ్యం కళ్ళు మూసుకుని కూర్చుంటే, ఈ చివరినుంచి ఆ చివరిదాకా తాపీగా ఈదాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నన్ను చూశాడు గాని, దాక్కోలేదు.

కొత్త తొట్టెలో చేప చేరినట్టు రిపోర్టు ఇవ్వాలని పట్నాయక్ గారు కబురు చేశారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నో చేరిక రిపోర్టులకు నెంబరు వేశాను, చేపగా నాది రాయడం ఇదే మొదలు. 'బుధవారం సాయంత్రం నూతన తొట్టెయందు చేరితిని. వసతి సంతృప్తికరముగా ఉన్నది' అని రాసి, కింద సంతకం పెట్టాను. రాజ్యం ఆ కాగితం తొట్టె దగ్గరికి తీసుకెళ్ళి, దొరకు చదివి వినిపించి, సరిగ్గానే రాశారంది.